జ్ఞానదంతం: తీయించాలా, ఉంచాలా? తీయిస్తే ఎలా?

డాక్టరుగారు నా ఎక్స్‌రేని తెర మీద పెద్దది చేసి, ఎడమవైపు కింది దవడ చివరన పెన్ను మొన ఆనించారు. నిటారుగా నిలబడాల్సిన జ్ఞానదంతం ముందుకు ఒరిగిపోయి, పక్క పన్ను మీద తల వాల్చి ఉంది. ఆ రెండూ ఒరుసుకున్న చోట, పక్క పన్నులో చిన్న నల్లటి నీడ. "మీకు నొప్పి వస్తున్నది వెనకదాని వల్ల. పుచ్చిపోతున్నది మాత్రం దాని ముందున్న పన్ను" అన్నారు.

అంతకుముందు రెండేళ్లలో అక్కడి చిగురు నాలుగుసార్లు వాచింది. వాచినప్పుడల్లా మాత్రలు వేసుకునేదాన్ని, తగ్గగానే మర్చిపోయేదాన్ని. చివరికి నష్టపోయింది నిక్షేపంలాంటి పక్క పన్ను. దానికి రూట్ కెనాల్ చేయించాల్సి వచ్చింది.

అదే ఎక్స్‌రే చూపిస్తూ ఆయన ఇంకో మాట కూడా చెప్పారు. కుడివైపు కింది జ్ఞానదంతాన్ని మాత్రం ఇప్పుడు ముట్టుకోవద్దన్నారు. పై ఎడమది తీసేద్దామన్నారు. పై కుడిది చక్కగా ఉంది, ఉంచుకోమన్నారు. ఉన్నవి నాలుగు పళ్లు, ఏ పన్ను సంగతి దానిదే. "జ్ఞానదంతాలు తీయించుకోవాలా?" అని అందరూ టోకుగా అడుగుతారు, నేనూ అలాగే అడిగాను. కానీ పన్ను పన్నుకీ విడివిడిగా అడగాల్సిన ప్రశ్న అది. మీరు డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు అలా అడగడానికి వీలుగా, నేను తెలుసుకున్నదంతా ఇక్కడ పెడుతున్నాను.

తీయించడమా, ఉంచుకోవడమా

జ్ఞానదంతాలు మామూలుగా 17 నుంచి 25 ఏళ్ల మధ్య వస్తాయి. కొందరికి నాలుగింటిలో కొన్నే వస్తాయి, కొందరికి అసలే ఉండవు. దవడలో చోటు ఉండి, పన్ను నిటారుగా బయటికొచ్చి, ఎదుటి పన్నుతో కలిసి నమలడానికి పనికొస్తూ, బ్రష్ దాని వెనక దాకా వెళ్తుంటే దాన్ని తీయాల్సిన పని లేదు. ఇక్కడ ఎవరికీ అభిప్రాయభేదం లేదు.

రెండో కొసన ఉన్నదీ తేలికే. చిగురు మళ్లీమళ్లీ వాచడం, ఆ పన్ను గానీ దాని ముందుది గానీ పుచ్చిపోవడం, రెండింటి మధ్య ఎముక కరిగిపోవడం, పన్ను చుట్టూ నీటితిత్తి ఏర్పడడం. వీటిలో ఏది ఉన్నా తీయించడమే మంచిది.

అసలు చిక్కంతా మధ్యలో ఉన్నవాళ్లకే. పన్ను ఎముకలోనో చిగురులోనో ఇరుక్కుని ఉంటుంది, కానీ ఏ బాధా పెట్టడం లేదు. దీని మీద డాక్టర్లలోనే రెండు మాటలున్నాయి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే సంస్థ నైస్, జబ్బు లేని జ్ఞానదంతాలను ముందుజాగ్రత్త పేరుతో తీయొద్దని 2000లో చెప్పింది. ప్రతి ఆపరేషన్‌కీ ఎంతో కొంత ప్రమాదం ఉంటుంది, అవసరం లేనిచోట దాన్ని ఎందుకు నెత్తిన వేసుకోవాలన్నది వాళ్ల వాదన. అమెరికాలో చాలామంది సర్జన్లు చిన్న వయసులోనే తీసేయడం మేలంటారు. అప్పటికి పంటి వేళ్లు పూర్తిగా దిగి ఉండవు, ఎముక మెత్తగా ఉంటుంది, గాయం త్వరగా మానుతుంది. ముప్పై దాటాక అదే పని కష్టమవుతుంది, కోలుకోవడమూ ఆలస్యమవుతుంది. ఈ రెంటిలో ఏది సరైనదో తేల్చడానికి ఇప్పటిదాకా జరిగిన పరిశోధన చాలదని, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష చెప్పింది.

కాబట్టి ఇక్కడ మన నిర్ణయానికి చోటుంది. నేనైతే ఇరుక్కున్న పళ్లన్నిటినీ ఒకే గాటన కట్టను. ముందుకు ఒరిగి, చిగురులోంచి సగమే బయటికి వచ్చిన కింది పన్నుని అన్నిటికంటే ఎక్కువ అనుమానించాలి. నోట్లోని క్రిములకు దారి తెరిచే ఉంటుంది, అన్నం మెతుకు దూరుతుంది, బ్రష్ దూరదు. జ్ఞానదంతాలను తీయకుండా ఉంచడం పెరిగాక, ఇలాంటి పళ్ల ముందున్న దంతాలు పుచ్చిపోయి వచ్చే రోగులను బ్రిటన్ డాక్టర్లు ఎక్కువగా చూశారు. నాకు జరిగింది సరిగ్గా అదే. పూర్తిగా ఎముకలో కూరుకుపోయి, చుట్టూ ఏ నీడా లేకుండా ఉన్న పన్ను సంగతి వేరు. అది ఏళ్ల తరబడి అలాగే పడి ఉండొచ్చు.

ఉంచుకోవాలని నిర్ణయిస్తే మాత్రం, మర్చిపోవడం వేరు, కనిపెట్టుకుని ఉండడం వేరు. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి డాక్టరుకి చూపించి, అవసరమన్నప్పుడు ఎక్స్‌రే తీయించుకునేవాళ్లు "ఉంచుకున్నవాళ్లు". నేను చేసినట్టు నొప్పి వచ్చినప్పుడల్లా యాంటీబయాటిక్ మింగి ఊరుకోవడం ఆ లెక్కలోకి రాదు. మాత్ర ఆ పూటకి వాపు తగ్గిస్తుంది. వాపు తెచ్చిన పన్ను అక్కడే ఉంటుంది, కాబట్టి వాపు తిరిగొస్తుంది. పన్ను మీద కప్పినట్టున్న చిగురు ముక్కని మాత్రమే కోసేసే పద్ధతి కూడా ఉంది. పన్ను నిటారుగా ఉండి, పైకి రావడానికి చోటుంటే అది పనికొస్తుంది. చోటు లేకపోతే చిగురు మళ్లీ పెరిగి మొదటికొస్తుంది.

ముందు పళ్లు వంకరపోతాయన్న భయంతో జ్ఞానదంతాలు తీయించుకోవాలని చాలామంది అనుకుంటారు. వెనక నుంచి ఇవి తోయడం వల్లే ముందువి ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయన్న మాటకి గట్టి ఆధారం లేదు. వయసుతో పాటు ముందు పళ్లు కాస్త జరగడం జ్ఞానదంతాలు లేనివాళ్లలోనూ ఉంటుంది. ఎవరైనా ఆ ఒక్క కారణం చెప్పి తీయించుకోమంటే ఇంకో డాక్టరుని కూడా అడగండి.

మొత్తం తీయడమా, పైభాగం మాత్రమే తీయడమా

ఇది కింది జ్ఞానదంతాలకే వర్తించే ఎంపిక, అందులోనూ కొన్నిటికే. కానీ ఇలాంటి దారి ఒకటుందని చాలామందికి తెలియదు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

కింది దవడ ఎముక లోపల ఒక సన్నటి కాలువలో నరం ఒకటి వెళ్తుంది. కింది పెదవికి, గడ్డానికి, కింది పళ్లకు స్పర్శ తెచ్చేది అదే. జ్ఞానదంతం వేళ్లు కొందరిలో ఆ కాలువని ఆనుకునే ఉంటాయి. తీసేటప్పుడు నరం నలిగితే పెదవి, గడ్డం మొద్దుబారతాయి. పెదవి కదలికకి ఏమీ కాదు, మూతి వంకరపోదు. స్పర్శ మాత్రం పోతుంది. నాలుక పక్కన వెళ్లే నరం దెబ్బతింటే నాలుక ఒక పక్క తిమ్మిరెక్కుతుంది, రుచి తగ్గుతుంది. నూటికి కొద్దిమందికి ఇలా తాత్కాలికంగా జరిగి, వారాల్లోనో నెలల్లోనో సర్దుకుంటుంది. శాశ్వతంగా ఉండిపోయేది నూటికి ఒకరికంటే తక్కువమందికే. అయితే ఇది అందరినీ కలిపి వేసిన లెక్క. వేళ్లు నరాన్ని తాకుతున్నవాళ్లకి ప్రమాదం ఇంతకంటే ఎక్కువ.

మామూలు పెద్ద ఎక్స్‌రేలోనే దీనికి ఆనవాళ్లు కనిపిస్తాయి. కాలువ దాటే చోట వేరు నల్లబడినట్టుండడం, కాలువ అంచున ఉండే తెల్లటి గీత తెగిపోవడం, కాలువే పక్కకి వంగడం. ఇవి కనిపిస్తే సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ తీయమంటారు. అది ప్రతి ఒక్కరికీ అవసరం లేదు. ఈ ఆనవాళ్లు ఉన్నప్పుడు మాత్రం వద్దనకండి, అందులో తెలిసేదాన్ని బట్టి ఆపరేషన్ పద్ధతే మారిపోవచ్చు.

వేళ్లు నిజంగానే నరాన్ని అంటుకుని ఉంటే, పన్ను పైభాగం కోసేసి వేళ్లను ఎముకలోనే వదిలేయడం ఒక దారి. దీన్ని కరొనెక్టమీ అంటారు. నరం జోలికి వెళ్లరు కాబట్టి మొద్దుబారే ప్రమాదం బాగా తగ్గుతుంది. వదిలేసిన వేళ్లు తర్వాతి నెలల్లో నెమ్మదిగా పైకి, నరానికి దూరంగా జరగడం మామూలే. కొందరికి అవి చిగురు దాకా వచ్చి ఇబ్బంది పెడితే రెండోసారి తీయాల్సి వస్తుంది, అప్పటికి నరం దూరమై ఉంటుంది కాబట్టి పని తేలిక. లోపల పన్ను పుచ్చి ఇన్ఫెక్షన్ వేరు దాకా పోయినా, పన్ను కదులుతున్నా ఈ పద్ధతి పనికిరాదు. నరానికి దూరంగా ఉన్న పన్నుకి ఇది అడగడం అనవసరం. పూర్తిగా తీసేస్తే దాని గొడవ వదిలిపోతుంది.

పై దవడ జ్ఞానదంతాలకు ఈ నరం బెడద లేదు, కానీ ముక్కు పక్క ఎముకలో గాలితో ఉండే సైనస్‌ గది వాటికి దగ్గరగా ఉంటుంది. అప్పుడప్పుడు అక్కడికి చిన్న రంధ్రం పడుతుంది. అలా జరిగిందని డాక్టరు చెబితే రెండు వారాలపాటు ముక్కు గట్టిగా చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. మిగతా విషయాల్లో పై పళ్లు చాలా నయం. నా పై ఎడమది కుర్చీలో నేను సర్దుకునేలోపే బయటికొచ్చింది.

మత్తు ఎంత కావాలి

అందరికీ టెన్షన్ ఉండేది ఇక్కడే, నాకూ ఇక్కడే ఉండింది.

మొదటిది, ఆ చోటికి మాత్రమే ఇచ్చే మత్తు ఇంజెక్షన్. మెలకువగా ఉంటారు. నొప్పి తెలియదు, కానీ ఒత్తిడి తెలుస్తుంది. ఈ తేడా ఎవరైనా ముందే చెబితే సగం భయం పోతుంది. చిగురు కోసినట్టు నాకు తెలియనే లేదు. ఎముకని కాస్త అరగదీసేటప్పుడు నీళ్లు చిమ్ముతుంటే పుర్రె అంతా గుయ్యిమంది. తర్వాత పన్నుని రెండు ముక్కలు చేసినప్పుడు "టక్" మని శబ్దం చెవి లోపలి నుంచి వచ్చింది. దవడని ఎవరో బలంగా కిందికి అదిమినట్టుంది. ఆ నిమిషంలో "ఇది నొప్పేనా?" అని నన్ను నేనే అడుగుకున్నాను. కాదు, నొప్పి కాదు. పదునుగా గుచ్చుకుంటే వెంటనే చెయ్యెత్తమని ముందే చెప్పారు. ఒకసారి ఎత్తాను. ఆపి ఇంకొంచెం మందు ఇచ్చారు. పంటి బిగువున భరించాల్సిన పని ఎవరికీ లేదు, చెయ్యెత్తండి.

ఇంజెక్షన్ ఇచ్చిన నిమిషానికి గుండె దడదడలాడితే కంగారు పడకండి. రక్తం తక్కువ పోయేందుకు అందులో అడ్రినలిన్ కలుపుతారు, కాసేపట్లో సర్దుకుంటుంది. దవడ బాగా వాచి చీము పట్టి ఉన్నప్పుడు ఈ మత్తు సరిగ్గా ఎక్కదు. ముందు ఇన్ఫెక్షన్ తగ్గించి తర్వాత తేదీ ఇవ్వడానికి అదీ ఒక కారణం.

రెండోది, మగతనిచ్చే పద్ధతి. ముక్కు మీద మాస్కుతో నైట్రస్ ఆక్సైడ్ వాయువు పీలిస్తే భయం తగ్గి తేలికగా అనిపిస్తుంది, ఆపిన కొద్ది నిమిషాల్లో దాని ప్రభావం దిగిపోతుంది. చేతి రక్తనాళంలోకి మందు ఎక్కిస్తే ఇంకా ఎక్కువ మగత. డాక్టరు మాటకి బదులిస్తుంటారు గానీ తర్వాత చాలావరకు గుర్తుండదు. ఈ రెంటిలోనూ చిగురుకి మత్తు ఇంజెక్షన్ ఇస్తారు, కాకపోతే అది తెలిసీ తెలియనట్టు గడిచిపోతుంది. రక్తనాళంలోకి మందు ఎక్కించుకున్నాక ఆ రోజంతా బండి నడపకూడదు, సంతకాలు పెట్టే పనులు చేయకూడదు, ఇంట్లో పెద్దవాళ్లెవరైనా తోడుండాలి.

మూడోది పూర్తి మత్తు. దీనికి ఆసుపత్రి, మత్తు డాక్టరు ఉండాలి. సాధారణంగా 6 గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు, 2 గంటల ముందు నుంచి నీళ్లూ తాగకూడదు. నాలుగు పళ్లూ లోతుగా ఇరుక్కున్నప్పుడు, నోరు సరిగ్గా తెరుచుకోనప్పుడు, కుర్చీలో కూర్చోలేనంత భయం ఉన్నప్పుడు ఇది సరైన దారి. ఒక్క పన్ను కోసం పూర్తి మత్తు అడగడమంటే గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే. భయమే అసలు సమస్య అయితే మధ్య దారి ఉంది, దాన్ని అడగండి. భయం ఉందని చెప్పడానికి మొహమాటపడకండి. డాక్టరుకి అది తెలియాల్సిన విషయం.

అన్నీ ఒకేసారా, విడతలుగానా

పూర్తి మత్తులో అయితే అన్నీ ఒకేసారి తీసేయడమే మేలు, మత్తు మళ్లీ ఎక్కించుకునే అవసరం ఉండదు. మెలకువగా ఉండి తీయించుకునేవాళ్లకి ఒక పక్కవి, అంటే పైదీ కిందదీ కలిపి, ఒక రోజు తీయడం హాయి. రెండో పక్కతో నమలొచ్చు. కింది రెండు వైపులా ఒకేసారి మొద్దుబారితే నాలుక, పెదవి కొరుక్కునే ప్రమాదం ఎక్కువ.

ఎవరి చేత అన్న ప్రశ్నకి నా జవాబు చిన్నదే. బయటికొచ్చిన పన్నుని మీ మామూలు దంతవైద్యులే తీస్తారు. ఎముకలో ఉన్నదైనా, నరం దగ్గరున్నదైనా ఓరల్ సర్జన్ దగ్గరికి వెళ్లండి. వెళ్లేముందు మీరు వాడే ప్రతి మందు పేరూ కాగితం మీద రాసుకోండి. రక్తం పలచబడే మందులు మీ అంతట మీరు ఆపొద్దు. ఎముకల బలానికి బిస్ఫాస్ఫొనేట్ మందులు వాడుతున్నా, గతంలో వాడినా తప్పకుండా చెప్పండి. వాటివల్ల పన్ను తీసిన చోట ఎముక మానకపోవచ్చు. షుగరు, గర్భం, గుండె ఆపరేషన్లు ఇవన్నీ కూడా చెప్పాల్సినవే.

తర్వాతి వారం

తీసిన చోట గాజుగుడ్డ పెట్టి అరగంటకి పైగా కొరికి పట్టుకోమంటారు. ఆ రోజంతా ఉమ్ము ఎర్రగా ఉంటుంది, కొద్దిపాటి రక్తమే ఉమ్ములో కలిసి చాలా పోయినట్టు కనిపిస్తుంది. గుంతలో గడ్డకట్టిన రక్తమే ఎముకకి కప్పు. దాన్ని కాపాడుకోవడమే మొదటి మూడు రోజుల పని: గట్టిగా ఉమ్మొద్దు, స్ట్రాతో పీల్చొద్దు, సిగరెట్ వద్దు, మొదటి రోజు పుక్కిలించొద్దు. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్లు నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి వదిలేయండి. మెత్తగా, చల్లగా ఉన్నవి తినండి.

మత్తు దిగకముందే మొదటి నొప్పి మాత్ర వేసుకోవాలి. జ్ఞానదంతాల నొప్పి మీద జరిగిన పరిశోధనల్లో పారాసిటమాల్ కంటే ఐబుప్రోఫెన్ బాగా పనిచేసింది, రెండూ కలిపి వాడితే ఇంకా బాగా పనిచేశాయి. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, ఆస్పిరిన్ పడని ఆస్తమావాళ్లు, గర్భిణులు డాక్టరుని అడగకుండా ఐబుప్రోఫెన్ వాడొద్దు.

వాపు రెండో రోజు, మూడో రోజుకి ఎక్కువవుతుంది. మూడో రోజు ఉదయం అద్దంలో నా ఎడమ చెంప చూసుకుని ఏదో తేడా చేసిందని భయపడ్డాను. మధ్యాహ్నం నుంచి తగ్గడం మొదలైంది. మొదటి రోజు చెంప మీద ఐసు పెట్టి తీసి పెట్టి తీస్తుంటే కాస్త హాయి. నోరు రెండు వేళ్ల సందు కంటే తెరుచుకోదు, వారం పది రోజుల్లో వదులవుతుంది.

ఈ మామూలు నొప్పికీ, డ్రై సాకెట్ నొప్పికీ తేడా తెలుసుకోవడం ముఖ్యం. మామూలు నొప్పి రోజు రోజుకీ తగ్గుతుంది. డ్రై సాకెట్ అంటే గుంతలోని రక్తపు గడ్డ ఊడిపోయి ఎముక బయటపడడం. కాస్త తగ్గిందనుకున్నాక, రెండు నుంచి నాలుగో రోజు మధ్య నొప్పి మళ్లీ లేచి చెవి దాకా సలుపుతుంది, నోరు వాసన వస్తుంది. కింది జ్ఞానదంతాలకు, పొగతాగేవాళ్లకు, గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్లకు ఇది ఎక్కువ. ఇది ఇన్ఫెక్షన్ కాదు కాబట్టి ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వేసుకుని లాభం లేదు. డాక్టరు ఆ గుంతని కడిగి మందు గాజుగుడ్డ పెడితే కొద్ది గంటల్లోనే ఉపశమనం కలుగుతుంది. వెళ్లండి, ఓర్చుకుంటూ కూర్చోవద్దు.

గాజుగుడ్డని అరగంట గట్టిగా కొరికి పట్టినా రక్తం ఆగకపోయినా, జ్వరం వచ్చినా, నాలుగో రోజు తర్వాత వాపు పెరుగుతున్నా ఫోన్ చేయండి. పెదవి తిమ్మిరి మర్నాటికి కూడా అలాగే ఉంటే అదే రోజు చెప్పండి, ఎదురుచూడొద్దు. మింగడం కష్టమైనా, నాలుక కింద వాచి ఊపిరికి అడ్డొస్తున్నట్టున్నా ఫోన్లు మాని నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

చిగురు కప్పుకోవడానికి మూడు నాలుగు వారాలు పట్టింది, ఎముక నిండడానికి ఇంకొన్ని నెలలు పడుతుందన్నారు. నా కుడివైపు కింది పన్ను ఇంకా లోపలే ఉంది, దాని వేళ్లు నరాన్ని ఆనుకునే ఉన్నాయి. మొన్నటి ఎక్స్‌రేలో చుట్టూ ఏ నీడా లేదు. ఒకవేళ ఎప్పుడైనా కనిపిస్తే కరొనెక్టమీ చేయించుకుంటానని డాక్టరుగారితో ఇప్పుడే అనేశాను, ఆయన దాన్ని నా ఫైల్లో రాసుకున్నారు. తర్వాతి పరీక్ష తేదీ కూడా ఆ ఫైలు మీదే ఉంది.